ఇంటి పనికి ఆసిలోస్కోపు: పాత సీఆర్వోనా, డిజిటలా?

రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు ఎలక్ట్రానిక్స్ మీద మనసు పడ్డ కుర్రవాళ్లు ఎక్కడ కలిసినా నన్ను అడిగేది ఒకటే: మల్టీమీటరుతో సరిపోవడం లేదు, ఏ స్కోపు (వోల్టేజి కాలంతోపాటు ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపు) కొనాలి? బ్యాండ్‌విడ్త్, అంటే స్కోపు ఎంత వేగమైన తరంగాన్ని చూపగలదన్నది, 50 మెగాహెర్ట్జ్ సరిపోతుందా, 100 కావాలా అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. ఆర్డునో, ఆడియో యాంప్లిఫయరు, చార్జర్ల పనికి 50 ధారాళంగా చాలు. నేనైతే ముందు చూసేది మెమరీ, అంటే స్కోపు ఒక్క విడతలో ఎన్ని కొలతలను (బిందువులను) దాచుకోగలదన్నది.

మన ఊళ్లలో సర్క్యూట్లను వేధించేవి ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే లోపాలు. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే లిప్తకాలంలో ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలరు) బోర్డు రీసెట్ అవుతుంది. 3.3 వోల్టుల లైను ఎంత పడింది, ఎంతసేపు పడింది అన్నది తేలాలంటే ఆ ఒక్కసారినే పట్టుకోవాలి. 200 మిల్లీసెకన్ల నిడివి కావాలనుకుందాం. హాన్‌టెక్ డీఎస్‌ఓ5102పీ మెమరీలో 40 వేల బిందువులే పడతాయి. అంటే బిందువుకూ బిందువుకూ మధ్య 5 మైక్రోసెకన్ల ఎడం. పెట్టె మీద సెకనుకు వంద కోట్ల శాంపిళ్లు (కొలతలు) అని రాసి ఉన్నా, ఒక మైక్రోసెకను పల్సు ఆ సందులోంచి జారిపోతుంది. పీక్ డిటెక్ట్ (ప్రతి ఎడంలోని గరిష్ఠ, కనిష్ఠ విలువలను పట్టే పద్ధతి) పెడితే పల్సు ఉందని తెలుస్తుంది గాని దాని ఆకారం తెలియదు. అదే సంస్థ డీఎస్‌ఓ2సి10లో ఒక చానెలు (సిగ్నల్ ఇచ్చే ద్వారం) వాడితే 80 లక్షల బిందువులు, ఎడం 25 నానోసెకన్లు. ఇంటి బల్లకు నా ఓటు ఈ తరహా రెండు చానెళ్ల స్కోపుకే.

పిక్చర్ ట్యూబు తెర ఉన్న పాత 20 మెగాహెర్ట్జ్ సీఆర్వో మీద నాకు గౌరవం ఉంది. కళాశాల ప్రయోగశాలలు వదిలించుకునేటప్పుడు చవకగా దొరుకుతుంది. ఆడియో తరంగం దాని తెర మీద ఎంతో నున్నగా కనిపిస్తుంది. టైమ్‌బేస్ (తెర మీద అడ్డంగా కాలం కొలత), ట్రిగ్గర్ (గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేది) అంటే ఏమిటో ఆ నాబ్‌లు తిప్పితేనే ఒంటబడుతుంది. కాని అది చూపేది పదే పదే వచ్చే తరంగాన్ని. ఒక్కసారి మెరిసి పోయినదాన్ని నిలిపి చూపలేదు. చెడిపోతే బాగుచేసేవారి కోసం విశాఖో భువనేశ్వరో వెతుక్కోవాలి.

నాలుగు చానెళ్లు ఎవరికి? చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఎస్‌పీఐ లైన్లు నాలుగూ ఒకేసారి చూడవలసినవారికి. అలాంటిదే అయిన ఐ2సికి రెండు చాలు. డబ్బుకు వెనుకాడనివారు రిగోల్ డీహెచ్‌ఓ804 తీసుకోవచ్చు. అది 70 మెగాహెర్ట్జ్, 12 బిట్లది. మామూలు 8 బిట్ల స్కోపు నిలువునా 256 మెట్లు చూపితే ఇది 4096 చూపుతుంది. పవర్ సప్లయి రిపుల్ (డీసీ మీద మిగిలే చిన్న ఎగుడుదిగుడు) చూసేటప్పుడు ఆ తేడా విలువ తెలుస్తుంది.

డీఎస్‌ఓ138 వంటి కిట్లు 200 కిలోహెర్ట్జ్ వరకే. సోల్డరింగ్ నేర్చుకోవడానికి మంచివి. లాప్‌టాప్‌నే తెరగా వాడుకునే యూఎస్‌బీ స్కోపులు ఫరవాలేదు, అయితే ప్రోబు (సర్క్యూట్‌కు తగిలించే తీగ) క్లిప్పు తప్పు చోట తగిలితే లాప్‌టాప్ కూడా పోతుంది.

ఏది కొన్నా, స్విచ్ వేసే ముందు ఎలక్ట్రీషియన్ చేత ఇంటి ఎర్తు పరీక్షించండి. చాలా ఇళ్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది. గోడకు గుచ్చే బెంచి స్కోపులో ప్రోబు నల్ల క్లిప్పు నేరుగా ఎర్తుకే కలిసి ఉంటుంది. చార్జరు మెయిన్స్ వైపు దాన్ని తగిలిస్తే షార్టే. అలాగని స్కోపు ఎర్తు పిన్ను తీసేయకండి: అప్పుడు స్కోపు లోహభాగాలకే 230 వోల్టులు ఎక్కవచ్చు. పరీక్షించే చార్జరునే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు (మెయిన్స్‌తో నేరు కలయిక లేకుండా కరెంటు ఇచ్చేది) మీద నడపండి, లేదా డిఫరెన్షియల్ ప్రోబు (ఎర్తుకు కలపకుండా రెండు బిందువుల మధ్య తేడాను కొలిచేది) వాడండి.