సియాటిల్ నుంచి ఒక్కరోజు స్కీయింగ్: స్నోక్వాల్మీ, స్టీవెన్స్, క్రిస్టల్‌లలో దేనికి వెళ్లాలి?

సియాటిల్, బెల్వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లో ఉండేవారు పొద్దున్నే బయలుదేరి, పగలంతా స్కీయింగ్ చేసి, రాత్రి భోజనానికి ఇల్లు చేరగల పర్వతాలు ప్రధానంగా మూడు: ఐ-90 హైవే మీది స్నోక్వాల్మీ, యూఎస్-2 మీది స్టీవెన్స్ పాస్, మౌంట్ రెయినియర్‌కు ఆనుకుని ఉన్న క్రిస్టల్ మౌంటెన్. వీటిని ఎకరాలతోనూ లిఫ్టుల సంఖ్యతోనూ పోల్చే సమీక్షలకు కొదవ లేదు. నాలుగు రోజులు అక్కడే బస చేసేవారికి ఆ లెక్కలు పనికివస్తాయి గాని, అదే రోజు తిరిగి రావలసినవారికి అంతగా అక్కరకు రావు. ఆ రోజు వాన ఏ ఎత్తులో మంచుగా మారుతోంది, కారులో ఉన్నవారిలో అందరికంటే తక్కువ స్కీయింగ్ వచ్చినవారు ఎవరు అన్న రెండు విషయాలు తెలిస్తే ఎంపిక చాలావరకు తేలిపోతుంది.

ముందుగా ఎత్తు సంగతి. స్నోక్వాల్మీ కనుమ సముద్రమట్టానికి కేవలం 3,022 అడుగుల ఎత్తున ఉంది. స్టీవెన్స్ కనుమ 4,061 అడుగులు. క్రిస్టల్ అడుగుభాగమే దాదాపు 4,400 అడుగులు. పసిఫిక్ నుంచి వచ్చే తేమగాలి కాస్కేడ్ పర్వతాలను ఎక్కేటప్పుడు ప్రతి వెయ్యి అడుగులకు సుమారు మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ చొప్పున చల్లబడుతుంది కనుక, స్నోక్వాల్మీలో 35 డిగ్రీల దగ్గర వాన జల్లు పడుతున్న సమయానికే క్రిస్టల్ కింది పార్కింగ్‌లో 30 డిగ్రీల దగ్గర మంచు కురుస్తూ ఉండవచ్చు. ఇంట్లో కిటికీ బయట వాన చూసి ప్రయాణం మానుకునేవారూ, దాన్నసలు పట్టించుకోకుండా స్నోక్వాల్మీకి వెళ్లి తడిసి ముద్దయి వచ్చేవారూ ఈ తేడాను లెక్కలోకి తీసుకోనివారే. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ రోజూ ఇచ్చే పర్వత వాతావరణ సూచనలో మంచు పడే ఎత్తు ప్రాంతాలవారీగా ఉంటుంది. నాలుగువేల అడుగులకు పైన అని రాసి ఉంటే ఆ రోజుకు స్నోక్వాల్మీని పక్కన పెట్టడమే మేలు.

అయితే ఈ నియమానికి ఒక మినహాయింపు ఉంది. స్నోక్వాల్మీ ఈ పర్వతశ్రేణిలో బాగా లోతైన సందు కావడం వల్ల, తూర్పు వాషింగ్టన్‌లో పేరుకున్న చలిగాలి ఒక్కోసారి ఆ సందుగుండా పడమటికి ప్రవహిస్తుంది. అప్పుడు పైన గాలి వెచ్చగా ఉన్నా కనుమ దగ్గర గడ్డకట్టే చలి ఉంటుంది. ఆ చలి పొర మందంగా ఉంటే మంచు పడుతుంది, పలుచగా ఉంటే పడుతూనే గడ్డకట్టే వాన కురుస్తుంది. ఆ వానలో చెయిర్‌లిఫ్ట్ ఎక్కితే ఐదు నిమిషాల్లో కళ్లద్దాల మీద గాజుపొరలా మంచు కట్టేస్తుంది. తుడిస్తే పోదు, గోటితో గీకితే అద్దం పాడవుతుంది. లిఫ్ట్ దిగినవారంతా గుడ్డివారిలా చేతులు చాచుకుని కిందికి జారడం కనిపిస్తుంది.

ఇంత చెప్పినా, మొదటిసారి స్కీ కట్టేవారికి నేను సూచించేది స్నోక్వాల్మీనే. సియాటిల్ నుంచి దాదాపు 54 మైళ్లు, దారంతా వెడల్పైన ఇంటర్‌స్టేట్, ట్రాఫిక్ లేకపోతే గంట ప్రయాణం. సమ్మిట్ వెస్ట్, సెంట్రల్, ఈస్ట్, ఆల్పెంటల్ అని ఇది నాలుగు భాగాలుగా ఉంటుంది. మొదటి మూడూ హైవేకి ఒకే వైపున వరుసగా ఉంటాయి. వెస్ట్, సెంట్రల్‌లలో నేలమీద కదిలే మ్యాజిక్ కార్పెట్లూ, భయపెట్టని గ్రీన్ రన్‌లూ (అన్నిటికంటే తేలికైన వాలులు) ఉన్నాయి. కొత్తవారికి కావలసింది పెద్ద పర్వతం కాదు, ఒకే చిన్న వాలు మీద మళ్లీ మళ్లీ పడి లేచే వీలు. దానికి వెయ్యి అడుగుల ఎత్తు కూడా ఎక్కువే. హైవేకి అవతలివైపున్న ఆల్పెంటల్ మాత్రం పేరుకే ఈ కుటుంబంలోది. దాదాపు 5,400 అడుగుల దాకా ఎగసే ఆ కొండ మీద నిటారు వాలులే ఎక్కువ; బాగా స్కీయింగ్ వచ్చినవారు వాషింగ్టన్‌లోని అత్యంత కఠినమైన చోట్లలో ఒకటిగా దాన్ని మెచ్చుకుంటారు. టికెట్ ఒక్కటే గదా అని కొత్తవారిని అక్కడికి తీసుకువెళ్లే స్నేహితుడు స్నేహితుడు కాడు.

స్టీవెన్స్ పాస్ మధ్యరకం వారిది, అంటే బ్లూ రన్ (మధ్యస్థమైన వాలు) మీద పడకుండా మలుపులు తిరగగలిగేవారిది. 1937-38 శీతాకాలంలో మొదలైన ఈ చోటు కౌబాయ్, బిగ్ చీఫ్ అనే రెండు కొండల మీద 1,125 ఎకరాల్లో పరుచుకుని ఉంది. వెనకవైపు మిల్ వ్యాలీ అనే లోయలోకి దిగితే జనం పలచబడతారు. ఎత్తు ఎక్కువ కావడంతో మంచు స్నోక్వాల్మీ కన్నా నికరంగా ఉంటుంది. కొత్తవారికి డేజీ అనే లిఫ్ట్ ఉన్నమాట నిజమే గాని, దాన్ని దాటి వెళ్లాలంటే ఒక్కసారిగా వాలు పెరుగుతుంది. రాత్రి దీపాల వెలుగులో స్కీయింగ్ స్నోక్వాల్మీలో ఉన్నట్టే ఇక్కడా ఉంది.

స్టీవెన్స్‌కు శత్రువు దారి. సియాటిల్ నుంచి దాదాపు 80 మైళ్లు. మన్రో దాటాక యూఎస్-2 చాలాచోట్ల రెండే లేన్ల రోడ్డు. సుల్తాన్, గోల్డ్ బార్ మీదుగా ఆదివారం సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు బ్రేక్ మీద నుంచి కాలు తీయని స్థితి మామూలే. కొండ మీంచి విరిగిపడే మంచుచరియలను ముందుగానే పేల్చి దించడానికి రోడ్డు మూసేసే రోజులూ ఉంటాయి. 1910 మార్చిలో ఈ కనుమకు దగ్గర్లోని వెల్లింగ్టన్‌లో రైళ్ల మీద మంచుచరియ విరుచుకుపడి 96 మంది చనిపోయిన సంగతి గుర్తున్నవారు ఆ మూసివేతల మీద విసుక్కోరు. నా సలహా ఒక్కటే: స్టీవెన్స్‌కు వారం మధ్యలో వెళ్లాలి, లేదా శనివారం మధ్యాహ్నం జనం దిగిపోయే వేళకు చేరి రాత్రిదాకా ఉండాలి.

క్రిస్టల్ విషయంలో నాకు పక్షపాతం ఉంది. 1962లో తెరిచిన ఈ చోటు 2,600 ఎకరాలతో వాషింగ్టన్ రాష్ట్రంలోకెల్లా పెద్దది. కొస 7,000 అడుగులు దాటుతుంది. ఆకాశం తేటగా ఉన్న రోజున గండోలా (మూసి ఉన్న కేబుల్ కార్) దిగి నాలుగడుగులు వేస్తే, ఎదురుగా 14,410 అడుగుల రెయినియర్ మొత్తంగా, హిమానీనదాల్లోని నీలిరంగు పగుళ్లతో సహా కనబడుతుంది. స్కీయింగ్ రానివారికి కూడా గండోలా టికెట్ విడిగా అమ్ముతారు. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను కింద లాడ్జిలో రోజంతా కూర్చోబెట్టడం కన్నా, వారిని పైకి తీసుకువెళ్లి సమ్మిట్ హౌస్‌లో వేడి టీ చేతికిచ్చి ఆ కొండ చూపించడం ఎంతో నయం. ఈ ఒక్క సౌకర్యం మిగతా రెండుచోట్లా లేదు. మంచు నాణ్యతలోనూ క్రిస్టల్‌దే పైచేయి, ముఖ్యంగా పైభాగంలో.

కాని అక్కడికి ఒక్కటే దారి. శీతాకాలంలో చినూక్, కేయూస్ కనుమలు మూసేస్తారు కనుక, ఎనమ్‌క్లా మీదుగా 410వ నంబరు రోడ్డు పట్టి, చివరి ఆరు మైళ్లు కొండ ఎక్కే రోడ్డులో వెళ్లవలసిందే. కొత్త మంచు పడిన శనివారం ఆ ఆరు మైళ్లే అసలు పరీక్ష: ఒక కారు చక్రాలు తిరుగుతూ నిలబడిపోతే వెనక వందలాది కార్లు ఆగిపోతాయి. మామూలు రోజున రెండు గంటల ప్రయాణం కనుక, తొమ్మిదింటికి లిఫ్టులు కదిలేసరికి అక్కడ ఉండాలంటే ఆరుకు ముందే ఇల్లు వదలాలి. ఏడున్నరకు తీరిగ్గా బయలుదేరే బృందానికి క్రిస్టల్ దండగ. దారిలోనే సగం టికెట్ ఖర్చయిపోతుంది. పార్కింగ్ నియమాలు మూడుచోట్లా తరచు మారుతుంటాయి కాబట్టి ముందురోజు రాత్రి చూసుకోవడం తప్పనిసరి.

డబ్బు విషయానికొస్తే, వారాంతంలో అప్పటికప్పుడు కొనే పూర్తిరోజు టికెట్ వంద డాలర్లు దాటుతుంది; ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే తగ్గుతుంది. అనేక స్కీ పర్వతాలకు కలిపి అమ్మే సీజన్ పాస్‌లలో స్నోక్వాల్మీ, క్రిస్టల్ ఐకాన్ పాస్ కిందా, స్టీవెన్స్ ఎపిక్ పాస్ కిందా వస్తాయి కాబట్టి ఇప్పటికే పాస్ కొన్నవారికి ఎంపిక సగం అయిపోయినట్టే. మౌంట్ బేకర్ ఈ రెండింటిలోనూ లేదు. 1998-99 సీజన్‌లో 1,140 అంగుళాల మంచుతో ప్రపంచ రికార్డు సాధించిన ఆ పర్వతం అద్భుతమే గాని, సియాటిల్ నుంచి పోను రాను ఐదారు గంటలు కారులోనే పోతాయి కనుక దీన్ని నేను ఒక్కరోజు జాబితాలో కలపను.

కారు ఫోర్ వీల్ డ్రైవ్ అయినా సరే, డిక్కీలో టైర్ చెయిన్లు ఉండవలసిందే. వాషింగ్టన్‌లో చెయిన్లు తప్పనిసరి అన్న బోర్డు వెలిగినప్పుడు ఫోర్ వీల్, ఆల్ వీల్ బండ్లకు వాటిని తగిలించడం నుంచి సాధారణంగా మినహాయింపు ఉంటుంది గాని, వెంట ఉంచుకోవడం నుంచి లేదు. అన్ని బండ్లకూ అని రాసి ఉంటే ఆ మినహాయింపు కూడా ఉండదు. మోకాళ్ల దాకా బురదమంచులో కూర్చుని, తిమ్మిరెక్కిన వేళ్లతో కొక్కెం ఎటు తగిలించాలో వెతుక్కునే బదులు, ఇంటి ముందు పొడినేల మీద ఒకసారి తగిలించి చూడడం మంచిది. జీన్స్ ప్యాంటుతో వెళ్లడం కూడా మనవారిలో తరచు చూస్తుంటాను. పదకొండు గంటలకల్లా అది తడిసి బరువెక్కి, మిగతా రోజంతా లాడ్జిలో హీటర్ పక్కన గడుస్తుంది. జలనిరోధక ప్యాంటు అద్దెకో అరువుకో తెచ్చుకోవాలి.

ఒకే కారులో అన్ని రకాలవారూ ఉంటే నిర్ణయం తక్కువ వచ్చినవారిని బట్టే జరగాలి. బాగా వచ్చినవారు స్నోక్వాల్మీలో విసుగెత్తితే ఆల్పెంటల్ వైపు వెళ్లి సాయంత్రానికి కలుసుకోవచ్చు; కొత్తవారు క్రిస్టల్‌లో భయపడితే వెళ్లడానికి లాడ్జి తప్ప మరో చోటు ఉండదు. వారం మధ్యలో సాయంత్రం ఖాళీ దొరికే కొత్తవారికి స్నోక్వాల్మీ రాత్రి టికెట్‌ను మించినది లేదు: ధర తక్కువ, క్యూ ఉండదు, ఆఫీసు నుంచి నాలుగింటికి బయటపడినా దీపాల కింద మూడు గంటలు నేర్చుకోవచ్చు.