ఫుడ్ కోఆప్‌కి ముందు సభ్యులా, నిర్వాహకులా: ఏది మేలు?

ఫుడ్ కోఆప్, అంటే సభ్యులే వాటాలు వేసుకుని నడుపుకునే సరుకుల దుకాణం, పెడదామనుకునేవాళ్ళు మొదటి మీటింగ్‌లోనే రెండుగా చీలిపోతారు. వీలైనంతమందిని చేర్చేద్దాం, పనిచేసేవాళ్ళు వాళ్ళలోంచే వస్తారని కొందరు. ముందు బాధ్యత మోసే ఐదారుగురు దొరికాకే సభ్యత్వాలని ఇంకొందరు. నాది రెండో పక్షం.

జనంతో మొదలుపెడితే ఊపు వస్తుంది, కాదనను. వందల కుటుంబాలు వెనకున్నాయంటే సరుకు అమ్మేవాళ్ళు బేరానికి దిగొస్తారు. కానీ వాళ్ళందరికీ ఫోన్లు చేసేదెవరు, వాటా డబ్బుకి రసీదు రాసేదెవరు, దుకాణం ఎప్పుడు తెరుస్తారని అడిగిన ప్రతివాళ్ళకీ జవాబు చెప్పేదెవరు? అదంతా ఒకరిద్దరి నెత్తిన పడుతుంది, వాళ్ళు విసిగి తప్పుకుంటారు, జాబితా మాత్రం మిగులుతుంది. పైగా పేరు రాసుకోమనడం వేరు, వాటా కట్టడం వేరు. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 1844లో సహకార దుకాణం తెరిచినవాళ్ళు 28 మందే అంటారు, కానీ వాళ్ళు వారం వారం చిల్లర కూడబెట్టి ఆ పెట్టుబడి పోగుచేసుకున్నారు.

నిర్వాహకులతో మొదలుపెట్టడంలోనూ చిక్కుంది. అందరూ స్నేహితులే అయితే నియమావళి మీద నెలల తరబడి చర్చించుకుంటూ కూర్చుంటారు, బయటివాళ్ళకి అదేదో వాళ్ళ సొంత వ్యాపారంలా కనిపిస్తుంది. అందుకే లెక్కలు చూసేవాళ్ళు, సరుకు కొనడం తెలిసినవాళ్ళు, ఇంటింటికీ వెళ్ళి మొహమాటం లేకుండా మాట్లాడేవాళ్ళు, ముగ్గురూ ఉండాలి. (మూడోరకం దొరకడమే కష్టం!) వాలంటీర్లు కావాలని ప్రకటన ఇస్తే పెద్దగా ఎవరూ కదలరు. శనివారం రెండు గంటలు లెక్కలు చూసిపెడతారా అని మనిషిని పట్టుకుని అడగండి, ఒప్పుకునే అవకాశం చాలా ఎక్కువ.

ఇంకో దారీ ఉంది, దుకాణం ఊసెత్తకుండా కొన్ని కుటుంబాలు కలిసి టోకున కొనుక్కోవడం. జపాన్‌లో సెయికత్సు క్లబ్ 1965లో కలిసి పాలు కొనడంతోనే మొదలై, 1968లో సహకార సంఘమైంది. ఇందులో నాకు నచ్చేదేంటంటే, సరుకొచ్చిన రోజున ఎవరు ముందుగా వస్తారో, ఎవరు లెక్క తేలేదాకా ఉంటారో అందరి కళ్ళముందే తెలిసిపోతుంది, నిర్వాహకుల్ని విడిగా వెతకనక్కర్లేదు. తూకంలో తేడాలు, బాకీల గొడవలు కూడా చిన్నగా ఉన్నప్పుడే బయటపడతాయి.

ఐదారుగురూ ముందే సిద్ధంగా ఉంటే నేరుగా వాటాలు వసూలు చేయండి. లేకపోతే ఉమ్మడి కొనుగోలుతో మొదలుపెట్టండి. ఏ దారైనా ఒక సభ్యుడికి ఒకే ఓటు అని, నిర్వాహకుల గడువు ఇంత అని మొదటి వాటా తీసుకునేముందే కాగితం మీద పెట్టండి.