ఐదో తరగతి పిల్లకి సైనిక్ స్కూల్ కోచింగ్: 5కి రెండున్నర స్టార్లు

విజయనగరంలో మూడు లాంతర్లకి దగ్గర్లో ఉన్న ఒక కోచింగ్ సెంటర్ గురించి రాస్తున్నాను. పేరు చెప్పను. నాది మోటారు వైండింగ్ షాపు. కోరుకొండ సైనిక్ స్కూల్ సీటు మీద ఆశతో మా పాపకి ఆరు నెలలకి 16,000 కట్టాను.

ముందు మంచి చెప్పాలి. ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 125 ప్రశ్నలు, 300 మార్కులు, రెండున్నర గంటల టైము. అందులో 150 మార్కులు లెక్కలవే. అందుకే వీళ్లు లెక్కల మీదే పడతారు. మాస్టారు గట్టివాడు. భిన్నాలంటే ఏడ్చే పిల్ల ఇప్పుడు షాపులో రాగి తీగ బిల్లు నోటితో వేసేస్తోంది.

మిగతా సంగతే నాకు మింగుడు పడలేదు. మొదటి వారమంతా ఓఎంఆర్ షీటులో, అంటే మిషను చదివే జవాబు కాగితంలో, బబుల్స్ దిద్దడమే పని. నోట్సు మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో గీత కొట్టి ఉంది: ‘నెగెటివ్ మార్కులు లేవు. చివరి రెండు నిమిషాల్లో మిగిలినవన్నీ సి దిద్దేయాలి.’ ప్రతి ఆదివారం రాత్రి వాట్సాప్ గ్రూపులో ర్యాంకులు పెడతారు. 31 వచ్చిన రోజు పిల్ల అన్నం ముట్టలేదు.

మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగే మంగళవారం నాడు కూడా మాక్ టెస్టు పెట్టారు. గొడవపడి పాపని జాతరకి తీసుకెళ్లాను. సిరిమాను ముందు నడిచే బెస్తల వల, తెల్ల ఏనుగు, అంజలి రథం, అన్నీ నా భుజం మీద నుంచే చూసింది. చివర పూజారి కూర్చున్న ఆ పొడవాటి మాను ఊగినప్పుడు నా జుట్టు పట్టుకుని ఒకటే కేకలు.

మా అమ్మ బొబ్బిలిలో ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో ఈసారి రాలేకపోయింది. “చూసిందంతా మామ్మకి ఒక పేజీ రాయమ్మా” అన్నాను. అరగంట కూర్చుంది. ‘సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. సిరిమాను గుడి నుంచి కోట వరకు 3 సార్లు తిరుగుతుంది.’ అంతే. “ఇంకేం రాయాలి నాన్నా? ప్రశ్నలివ్వు” అంది. నిరుడు మా వీధి మేకపిల్ల మీద మూడు పేజీలు రాసింది ఈ పిల్లే.

మాస్టారినే అడిగాను. “భాషకి 25 ప్రశ్నలే కదండీ, అన్నీ ఆప్షన్లే. సొంతంగా రాయడం పరీక్షలో లేదు” అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను, పరీక్షలో లేనిదానికి ఎవరు డబ్బు కడతారు? కోచింగ్ సంస్కృతి తగ్గాలని, బట్టీ కాకుండా అవగాహనని పరీక్షించాలని 2020 జాతీయ విద్యా విధానంలో రాసుకున్నారు. పదేళ్ల పిల్ల సీటు మాత్రం ఒక్కరోజు దిద్దే 125 బబుల్స్ మీదే ఉంది. అంతమంది పేపర్లు మిషనుతో దిద్దడం సులువు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మిషను చదవలేనిది పిల్లలకి నేర్పడం కూడా మానేస్తున్నాం కదా.

లెక్కల కోసమైతే చేర్చండి. వాట్సాప్ లిస్టులోంచి పిల్ల పేరు తీసెయ్యమని మొదటి రోజే చెప్పండి, అడిగితే తీస్తారు.

ఆ రెండు వాక్యాల ఉత్తరాన్నే పోస్టులో వేశాను. అందిన రోజు అమ్మ ఫోన్ చేసింది. “ఏట్రా, గుంట జాతరకెళ్లిందా, పుస్తకంలో చూసి రాసిందా?”