రెడీమేడ్ రింగులు: తోక కొలిచాకే డబ్బులివ్వండి

చెన్నైలో ఇల్లు కట్టుకుంటున్న మనవాళ్లు చాలామంది పిల్లర్ల నిలువు కమ్మీల చుట్టూ కట్టే రింగుల్ని సైటులో వంచించడం మానేసి, యంత్రం మీద వంచినవి దుకాణం నుంచి కట్టలుగా తెప్పించుకుంటున్నారు. మంచి మార్పే. మేకులు దిగ్గొట్టిన చెక్క మీద చేత్తో వంచే రింగు తోక, అంటే మూలలో లోపలికి తిప్పే కొస, చాలాసార్లు 90 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఇంకో 45 డిగ్రీలు లోపలికి తిప్పాలంటే ఓపిక ఉండదు, కూలీ గిట్టదు. యంత్రం అలా కాదు. మొదటి రింగు ఎలా వంచిందో ఐదువందలో రింగూ అలాగే వంచుతుంది. ఈ ఒక్క కారణానికే వీటిని కొనమంటాం. కానీ కట్ట విప్పి చూడకుండా కొనొద్దు.

ఆ 45 డిగ్రీలకు అంత పట్టింపు ఎందుకంటే, నేల ఊగినప్పుడు పిల్లరు ఎక్కువగా దెబ్బతినేది బీము కలిసే చోట్లకు కాస్త పైనా కిందా. అక్కడ ముందు రాలేది కవరు, అంటే కమ్మీల్ని బయటినుంచి కప్పే కాంక్రీటు. 90 డిగ్రీల తోకకు ఆ కవరే ఆధారం కాబట్టి, కవరు ఊడగానే రింగు మూల విచ్చుకుంటుంది. నిలువు కమ్మీలు బయటికి ఉబ్బుతాయి, లోపలి కాంక్రీటు నలిగిపోతుంది. 135 డిగ్రీల తోక లోపలి కాంక్రీటులోకి దిగి ఉంటుంది. కవరంతా రాలినా రింగు పట్టు వదలదు. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో కింద పార్కింగుకు వదిలిన అపార్టుమెంట్లు కూలాయి. పై అంతస్తుల్లో గోడలు బిగువుగా ఉంటే, కింద గోడల్లేని చోట ఊపంతా పిల్లర్ల మీద పడుతుంది. చెన్నైలో ఏ వీధిలో చూసినా ఇదే స్టిల్ట్ పార్కింగు. 2002లో భూకంప కోడ్ సవరించినప్పుడు నగరాన్ని రెండో భూకంప జోన్ నుంచి, ముప్పు ఎక్కువున్న మూడో జోన్‌లోకి మార్చారు. మూడో జోన్ అంటే, భూకంపాన్ని తట్టుకునేలా కమ్మీలు ఎలా వేయాలో చెప్పే ఐఎస్ 13920 కోడ్‌ను పాటించి తీరాలి.

ఇక కట్టలోంచి ఒక రింగు చేతిలోకి తీసుకోండి. వంపు ముగిసిన చోట నుంచి తోక చివరిదాకా టేపు పెట్టండి. కోడ్ ప్రకారం తోక కమ్మీ మందానికి 6 రెట్లు ఉండాలి, ఎట్టి పరిస్థితిలోనూ 65 ఎంఎంకు తగ్గకూడదు. 8 ఎంఎంకు 6 రెట్లంటే 48, 10 ఎంఎంకు 60. అంటే రెండింటికీ 65 ఉండాల్సిందే. దుకాణాల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే. 50 ఎంఎం తోక చూపించి ఆరు రెట్లు సరిపోయింది కదా అంటారు. ఒప్పుకోకండి. తర్వాత వంపు బయటి అంచు మీద గోరు నడపండి. మరీ సన్నని పిన్ను మీద వంచితే అక్కడ జుట్టంత పగుళ్లు తగులుతాయి. గ్రేడు గుర్తు కమ్మీ మీదే ఉబ్బెత్తుగా ఉంటుంది. 500డి తీసుకోండి. మామూలు 500కు సాగుడు 12 శాతం ఉంటే చాలు, 500డికి 16 శాతం ఉండాలి. పల్చటి గోధుమరంగు తుప్పుతో భయం లేదు. పొరలుగా ఊడితే మాత్రం వద్దు. సముద్రపు గాలిలో ఆరుబయట పడేసిన కట్టలకు అది త్వరగానే వస్తుంది.

సైజుల దగ్గర మా ఫిర్యాదు గట్టిదే. స్టాకులో సిద్ధంగా దొరికేవి ఎక్కువగా 9 అంగుళాల పిల్లర్లకు పనికొచ్చే 8 ఎంఎం రింగులు. 2016 నాటి ఐఎస్ 13920 ప్రకారం పిల్లరు కనీసపు వెడల్పే 300 ఎంఎం. పోనీ 300×450 పిల్లరు కట్టారనుకుందాం. రెండు వైపులా కవరు 40 చొప్పున తీస్తే రింగు బయటి కొలత 220×370. పొడవు వైపు 300 దాటింది కాబట్టి మధ్యలో అడ్డంగా ఒక లింకు వేయాలి, దాని రెండు కొసలకూ 135 డిగ్రీల కొక్కెం ఉండాలి. ఎం25 కాంక్రీటు, 500 గ్రేడు స్టీలుతో, రింగుల మధ్య 75 ఎంఎం ఎడం పెట్టి లెక్క వేస్తే రింగు కమ్మీ అడ్డకోత దాదాపు 98 చదరపు ఎంఎం రావాలి. 8 ఎంఎం కమ్మీది 50, 10 ఎంఎంది 78.5. 75 ఎడానికి రెండూ చాలవు, అంటే ఎడం తగ్గించి 10 ఎంఎం రింగుల్ని 60 ఎంఎంకొకటి చొప్పున కట్టాలి. 8 ఎంఎం అన్నది కోడ్ చెప్పిన కనీసం మాత్రమే, ప్రతి పిల్లరుకూ అది చాలదు.

ఈ దగ్గరి ఎడం పిల్లరు కిందా పైనా 450 ఎంఎం మేర ఉండాలి. నడుమ 150 సరిపోతుంది. బీము కలిసే జాయింటులో కూడా రింగులు పడాలి. 3 మీటర్ల అంతస్తుకు ఒక్కో పిల్లరుకు 34 దాకా పడతాయి, లింకులు వేరే.

యంత్రం చేయలేని పని సైటులో ఉంటుంది. మూసి ఉన్న రింగును పైనుంచి కమ్మీల మీదుగా దించాలి. అది కష్టమని కంబి మేస్త్రి తోకను రెంచితో విప్పి, పక్కనుంచి తొడిగి, మళ్లీ 90 డిగ్రీలకే మూస్తాడు. యంత్రానికి పెట్టిన డబ్బంతా అక్కడే పోయినట్టు. జాయింటు సంగతి ఇంకా ఘోరం. బీము కమ్మీలు దించేశాక అక్కడ రింగు దూర్చడానికి సందే ఉండదు, కాబట్టి వదిలేస్తారు. బీము కమ్మీలు పెట్టకముందే జాయింటు రింగుల్ని పిల్లరుకు తొడిగి పైన గుత్తిగా కట్టి ఉంచాలి. బీము కమ్మీల్ని వాటి మధ్యనుంచి దూర్చి, తర్వాత ఒక్కో రింగునూ దాని చోటికి సర్ది బైండింగ్ వైరు బిగించాలి. తోకలన్నీ ఒకే మూలకు రాకుండా రింగు రింగుకూ మూల మార్చాలి. సెంట్రింగు మూసేముందు ఈ జాయింట్లను ఇంజనీరు చేత ఫొటో తీయించండి.

2016 నాటి భూకంప కోడ్ ప్రకారం బెంగళూరు రెండో జోన్‌లో ఉంది, ఆ జోన్‌లో ఐఎస్ 13920 తప్పనిసరి కాదు. అయినా 135 డిగ్రీల తోక వల్ల రింగుకు పెరిగేది కొద్దిపాటి ఇనుమే, అక్కడివాళ్లు కూడా ఇదే అడగాలి.

ఆర్డరు చీటీ మీద బయటి కొలత, కమ్మీ మందం, 500డి, 135 డిగ్రీలు, తోక 65 ఎంఎం అని విడివిడిగా రాయించండి. రింగు సైజు అని మాత్రమే రాస్తే లోపలి కొలతకు వంచేసి పంపుతారు, అప్పుడు కవరు తగ్గిపోతుంది. బండి వచ్చాక 20 రింగులు ఏరి తూకం వేయించండి. 10 ఎంఎం కమ్మీ మీటరుకు 0.617 కిలోలు, 220×370 రింగుకు సుమారు 1.35 మీటర్లు పడుతుంది. ఇరవైకి కలిపి 16.7 కిలోలు రావాలి. 7 శాతం తేడా వరకు ప్రమాణం ఒప్పుకుంటుంది, 15.5 కంటే తగ్గితే బండిని అలాగే వెనక్కి పంపండి.