తుంటి పక్క నొప్పి: ఇంజెక్షన్ మేలా, వ్యాయామం మేలా?

అమలాపురం, పాలకొల్లు వైపు నుంచి నడక అలవాటున్నవాళ్లు, షటిల్ ఆడేవాళ్లు అదే పనిగా అడుగుతున్నారు: "ఇంజెక్షన్ చేయించేసుకుంటే సరిపోద్ది కదండీ?" నా మొగ్గు వ్యాయామం వైపే.

నేను చెప్పేది తుంటి బయటివైపు, చేతికి తగిలే ఎముక దగ్గర వచ్చే నొప్పి గురించి. అటు తిరిగి పడుకోలేం, మెట్లెక్కితే పోటు. ఇది ఎక్కువగా పిరుదు కండరాలని ఎముకకి కలిపే తాడులాంటి టెండన్‌ది. గజ్జల్లో నొప్పి అయితే కీలు చూపించుకోవాలి. పడ్డాక కాలు మోపలేకపోయినా, జ్వరం తోడైనా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో ఉపశమనం త్వరగా వస్తుంది, నిజమే. కానీ కండరానికి బలం రాదు. 2018లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 204 మందిని మూడు గుంపులు చేసి చూశారు. ఎనిమిది వారాలకి బాగుందన్నవాళ్లు వ్యాయామం, జాగ్రత్తలు పాటించినవాళ్లలో 77 శాతం, ఇంజెక్షన్ వాళ్లలో 58, ఏమీ చేయకుండా ఆగినవాళ్లలో 29. ఏడాదికి నొప్పి తీవ్రతలో మొదటి రెండు గుంపులకీ తేడా లేకపోయినా, బాగుందన్నవాళ్లు మాత్రం వ్యాయామం వైపే ఎక్కువ.

నా దృష్టిలో అసలు కిటుకు ఆ "జాగ్రత్తల్లో" ఉంది. టీ కొట్టు దగ్గర బండికి ఆనుకుని, బరువంతా ఒక కాలి మీదే వేసి అరగంట కబుర్లాడతాం. తుంటి అలా పక్కకి జారినప్పుడల్లా టెండన్ ఎముకకి ఒత్తుకుంటుంది. కాలు మీద కాలు వేసుకున్నా అంతే. రెండు కాళ్ల మీదా సమంగా నిలబడండి. పక్కకి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. కాలిని అడ్డంగా లాగే సాగదీతలు వద్దు. కాలవ గట్టు మీద వాలుగా ఉన్న అంచున కాకుండా మధ్యన నడవండి.

వ్యాయామానికి వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తడం, కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోవడంతో మొదలెట్టండి. చేసేప్పుడు కాస్త నొప్పి ఉన్నా పర్వాలేదు. ఆ రాత్రి నిద్ర చెడిందంటే మర్నాడు తగ్గించాలి. నడక మానక్కర్లేదు, లాకుల దాకా వెళ్లేవాళ్లు సగం దారిలో తిరిగొస్తే చాలు.

తైలం మర్దనా హాయిగానే ఉంటుంది, ఎముక మీద మాత్రం గట్టిగా రుద్దించుకోకండి. పూర్తి విశ్రాంతి తీసుకుంటే కండరం ఇంకా నీరసిస్తుంది.

రాత్రుళ్లు నిద్రే లేకపోతే డాక్టరు సలహాతో ఇంజెక్షన్ చేయించుకోండి. నొప్పి తగ్గిందని షటిల్ కోర్టుకి పరిగెత్తకుండా, వ్యాయామం ఎప్పుడు మొదలెట్టాలో ఆయన్నే అడిగి రండి.