మధ్యాహ్నమైతే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు

మేరీలాండ్‌లో మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న ఈ పెరూ వాళ్ళ హోటల్‌కి ఏడేళ్ళుగా వెళ్తున్నాం. తల్లిదండ్రులు వంట చూస్తారు, కొడుకు చేపలు కోస్తాడు, బిల్లు కూతురిది. వంట పెరూ రాజధాని లీమాది, చేపలూ పీతలూ మాత్రం ఇక్కడి చిసపీక్ బే అనే అఖాతానివి.

మొదటిసారి సెవిచే (నిమ్మరసంలో ఊరేసిన చేప) వచ్చినప్పుడు మా ఆవిడ ప్లేటు నా వైపు నెట్టేసింది. పచ్చి చేప కదా! రాక్‌ఫిష్ ముక్కలు, సన్నగా తరిగిన ఎర్ర ఉల్లిపాయ, పక్కన ఉడికించిన చిలగడదుంప, వేయించిన మొక్కజొన్న గింజలు. పొయ్యి ఎక్కకపోయినా నిమ్మరసానికి ముక్క పైన తెల్లబడి బిగుసుకుంటుంది, లోపల మెత్తగానే ఉంటుంది. అడుగున మిగిలే పులుసు పేరు 'లెచే దె తిగ్రే', అంటే పులి పాలు. ఇప్పుడు దాన్ని మా ఆవిడ చారులా గ్లాసులో పోసుకుని మరీ తాగుతుంది. నిమ్మరసంలో ఊరితే ఉడికినట్టు కాదు కాబట్టి గర్భిణులు మాత్రం దీని జోలికి పోవద్దు.

ఒక శనివారం రాత్రి ఇదే సెవిచే రబ్బరులా వచ్చింది. నిమ్మరసం ఎప్పుడో పిండేసి ఉంచారని తెలిసిపోయింది. అడిగితే ఆ పెద్దావిడ, "మా దేశంలో సెవిచే మధ్యాహ్నమే తింటాం" అంది. మరి రాత్రి మెనూలో ఎందుకు పెట్టినట్టు? పొద్దున పట్టిన చేపని మధ్యాహ్నానికల్లా తినేయడం అక్కడి అలవాటట. అప్పటినుంచి రాత్రిళ్ళు వెళ్తే పీతలతో చేసే 'చుపే' చెప్తాను. బంగాళాదుంప, పాలు, గుడ్డు, జున్ను వేసి మరిగించిన చిక్కటి సూప్. చలిలో దానికి సాటి లేదు. హలేయా అనే వేపుడుకి బ్లూ క్యాట్‌ఫిష్ వాడతారు. 1970లలో వర్జీనియా నదుల్లో గాలం సరదా కోసం వదిలితే, ఇప్పుడు బేలోకి చేరి పీతల్ని మింగుతోందది. అందుకని నేను కాస్త ఎక్కువే తింటాను.

గుంటూరు నుంచి వచ్చిన మా నాన్న పసుపురంగు అహీ అమరీయో మిరప చట్నీ నాకి, "ఇందులో కారమేదిరా?" అన్నారు. పెద్దావిడ నవ్వి, లోపలికెళ్ళి చిన్న గిన్నెలో 'రొకోతో' అనే మిరప నూరింది తెచ్చింది. ఆ తర్వాత ఆయన పది నిమిషాలు మాట్లాడలేదు. మిరపకాయ మనకి అటువైపు నుంచే, పోర్చుగీసు వాళ్ళతో వచ్చిందని అప్పుడు చెప్పాను, ఒప్పుకోలేదు.

రేట్లు బాగా పెరిగాయి, పార్కింగ్ ఎప్పుడూ టెన్షనే. ఆదివారం పన్నెండున్నరలోపు చేరితే సీటు దొరుకుతుంది. ఇన్కా కోలా అనే పెరూ కూల్‌డ్రింక్ పిల్లలకి ప్రాణం. నాకైతే బబుల్‌గమ్ కరిగించి తాగినట్టుంటుంది.