యురనైన్ రంగుపొడి: కలుషిత నీరు ఏ బోరుకు పోతోందో పట్టడానికి ఎంత పనికొస్తుంది?

వ్యర్థజలాల ట్యాంకు కారి చుట్టుపక్కల బోర్లు పాడవుతున్నాయా లేదా తేల్చాలంటే, రంగు ట్రేసర్లలో (నీటి దారి కనిపెట్టడానికి కలిపే రంగుల్లో) ముందు కొనవలసింది యురనైన్. తెలంగాణలోలాగా గ్రానైటు పగుళ్లలో నీళ్లు నడిచే చోట్లకు బాగా నప్పుతుంది. రాతికి పెద్దగా అంటుకోదు, నీటితోపాటే సాగిపోతుంది. మంచి ఫ్లోరిమీటరు (రంగు మెరుపును కొలిచే పరికరం) ఉంటే లీటరుకు 0.01 మైక్రోగ్రాము ఉన్నా దొరుకుతుంది. 1877లో జర్మనీలో క్నోప్ అనే శాస్త్రవేత్త డాన్యూబ్ నది నేలలోకి ఇంకిపోయే చోట 10 కిలోలు కలిపితే, సుమారు 12 కిలోమీటర్ల అవతల ఊటలో ఆకుపచ్చగా తేలింది.

తప్పు కొనేటప్పుడే మొదలవుతుంది. ఉత్త ‘ఫ్లోరెసీన్’ అని అడిగితే నీళ్లలో సరిగా కరగని రకం చేతిలో పెట్టే అవకాశం ఉంది. మనకు కావలసింది దాని సోడియం లవణం. డబ్బా మీద సోడియం ఫ్లోరెసీన్ అనో, యాసిడ్ యెల్లో 73 అనో ఉందా చూసుకోండి. అసలు రంగు శాతం ఒక్కో లాటుకు ఒక్కోలా ఉంటుంది. అందుకని నేలలో ఏ లాటు పోస్తారో దానితోనే ప్రామాణిక ద్రావణాలు (రీడింగును పోల్చి చూడటానికి తెలిసిన మోతాదులో కలిపినవి) చేయాలి. 1 గ్రాము లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, అందులో 1 మి.లీ. తీసి మళ్లీ లీటరుకు పెంచితే లీటరుకు 1 మిల్లీగ్రాము. దానిలో 10 మి.లీ. తీసి లీటరు చేస్తే 10 మైక్రోగ్రాములు. కుళాయి నీళ్లు వద్దు, క్లోరిన్ రంగును చంపేస్తుంది.

మోతాదు దగ్గర చేయి బిగపట్టాలి. 10,000 ఘనపు మీటర్ల నీటిలో 1 కిలో సమంగా కలిస్తే లీటరుకు 100 మైక్రోగ్రాములు. అంటే కంటికే కనిపిస్తుంది. ఊళ్లో పచ్చనీళ్లతోపాటు పంచాయతీ కూడా మొదలవుతుంది. 100 గ్రాములు పోసినా 10 మైక్రోగ్రాములు వస్తుంది, పరికరానికి అది ధారాళం. ఎంత పోసినా ఊరివాళ్లకూ అధికారులకూ ముందే చెప్పాలి. పొడిని గదిలోనే 5 లీటర్ల క్యాన్‌లో కరిగించి తీసుకెళ్లండి, బయట గాలికి లేస్తుంది. పోశాక వెనకాలే కొన్ని వందల లీటర్ల మంచినీళ్లు వదలకపోతే రంగు పోసిన గుంటలోనే ఉండిపోతుంది. పొడి ముట్టుకున్న మనిషి నమూనా సీసాలు ముట్టుకోకూడదు. లేని కాలుష్యం ‘దొరికే’ సందర్భాలకు ఎక్కువగా కారణం ఇదే.

రంగు పోయకముందే ప్రతి బోరు నుంచీ నమూనాలు తీసి పెట్టుకోవాలి. ఆకుపచ్చ రేడియేటర్ కూలెంట్‌లోనూ ఇదే రంగు ఉంటుంది కాబట్టి మెకానిక్ షెడ్ల దగ్గర బోర్లు ముందునుంచే వెలగవచ్చు. చెత్తకుప్పల నుంచి కారే నీటిలోని సేంద్రియ పదార్థాలూ అలాగే మోసం చేస్తాయి.

లోపాలు రెండు పెద్దవి. ఎండలో గంటల్లో వెలిసిపోతుంది కనుక ముదురు గోధుమరంగు గాజు సీసాలే వాడి, చీకట్లో దాచాలి. రెండోది ఆమ్లం. పీహెచ్ 6 దిగితే మెరుపు పడిపోతుంది. చదివే ముందు నమూనా పీహెచ్‌ను 9 దగ్గరకు తెస్తే మెరుపు తిరిగి వస్తుంది. కానీ ఆమ్ల జలాల్లో రంగు మట్టికి కూడా ఎక్కువ అంటుకుంటుంది, ఆ పోయినది రాదు. ఫ్యాక్టరీ నీళ్లే ఆమ్లంగా ఉంటే రంగుకు బదులు బ్రోమైడ్ లవణాన్ని ట్రేసర్‌గా వాడటం నయం. ఇక నమూనా మరీ చిక్కగా, పదుల మిల్లీగ్రాముల్లో ఉంటే రీడింగు పెరగాల్సింది పోయి తగ్గుతుంది. పలచన చేసి మళ్లీ చదవండి.

నల్లరేగడి నెర్రెల్లో నీరెలా దిగుతోందో చూడాలంటే ఇది వద్దు. బ్రిలియంట్ బ్లూ అనే నీలి రంగును లీటరుకు 4 గ్రాముల చొప్పున కలిపి, నేల మీద చల్లి, మర్నాడు గుంట తవ్వి గోడకు ఫొటోలు తీయడమే మేలు.

యురనైన్ చెప్పేది నీటి ప్రయాణం మాత్రమే. క్రోమియం లాంటివి మట్టికి అంటుకుంటూ ఇంకా నెమ్మదిగా రావచ్చు. బోరులో రంగు కనిపించలేదంటే దారి లేదని కూడా కాదు, నమూనాలు ముందే ఆపేసి ఉండవచ్చు. అనుమానమున్న చోట పంపు నీళ్లు పడే దగ్గర యాక్టివేటెడ్ బొగ్గు సంచీ వేలాడదీస్తే, నమూనాకూ నమూనాకూ మధ్య దాటిపోయే రంగు అందులో పోగవుతుంది. ఎంత వచ్చిందో మాత్రం అది చెప్పలేదు, వచ్చిందా రాలేదా అన్నంతవరకే.